మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్: పోటీలో పెద్దమనసు నేర్పిన ఉపాధ్యాయుడు



ఈ సావనీరు కోసం ఒక మహనీయుని జీవితం రాయమని కార్యవర్గం పెద్దలు నన్ను కోరారు. ఎవరి గురించి రాయాలా అని ఆలోచిస్తే, మన కుర్రవాళ్ళు రోజూ మాట్లాడుకునే ఆటల సంగతే మనసులో మెదిలింది. భారత్‌కూ పాకిస్తాన్‌కూ హాకీ పోటీ అంటే ఒకప్పుడు దేశం దేశమంతా రేడియో చుట్టూ మూగేది. మన అన్నవరంలో స్టేషను రోడ్డు మీదా, కొండ కింద టీ బడ్డీల దగ్గరా కూడా అంతేనని పెద్దలు చెబుతారు. తర్వాత ఆ వేడి క్రికెట్టుకు పాకింది. రేడియో పోయి టీవీ వచ్చింది, టీవీ పోయి సెల్‌ఫోను వచ్చింది. వేడి మాత్రం తగ్గలేదు. ఆ రోజు వచ్చిందంటే మన పిల్లల్ని, మీరు ఎవరి పక్షమర్రా అని నవ్వుతూనే అడిగేవాళ్ళుంటారు. అడిగేవాళ్ళకది సరదా. అడిగించుకున్నవాడికి మాత్రం ఆ రాత్రి అన్నం సహించదు.

ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలి అని పిల్లలు మనల్ని అడిగితే, నోటితో జవాబు చెప్పేకంటే ఒక మనిషి జీవితాన్ని చూపించటం మేలు. ఆ మనిషి హాకీ ఆటగాడు కాదు. ఫుట్‌బాల్ నేర్పిన బడిపంతులు. అయినా హాకీ అభిమానులందరూ తెలుసుకోవలసిన ఒక గొప్ప ఘట్టం ఆయన చివరి పోటీలోనే జరిగింది. ఆయనే హైదరాబాదుకు చెందిన మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్.

బాల్యము, విద్య, ఉద్యోగము

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అప్పటికి అది నిజాం రాజ్యం. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఉర్దూ మాధ్యమంలో పై చదువులు చెప్పిన విశ్వవిద్యాలయంగా ఉస్మానియాకు ఆ రోజుల్లో దేశమంతటా పేరుండేది. చదువుకునే రోజుల్లోనే విశ్వవిద్యాలయం జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత నగరంలో పేరున్న కమర్ క్లబ్బుకు ఆడారు.

పట్టా పుచ్చుకున్నాక ఆయన ఎన్నుకున్న వృత్తి ఉపాధ్యాయత్వం. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఇలా నాలుగు బడుల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా సంపాదించి బళ్ళో ఆటల బాధ్యత తీసుకున్నారు. నేను కూడా ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణే కనుక ఈ మాట ఒకింత గర్వంగా రాస్తున్నాను. తరువాతి కాలంలో ఆయనకు ఎంత పేరు వచ్చినా, ఆటగాళ్ళతో ఆయన నడిచిన తీరు బడిపంతులు తీరే. పిల్లవాడికి ఏది చేతనవునో, ఏది చేతకాదో ముందు కనిపెట్టటం, చేతకానిదాన్ని ఓపికగా నేర్పించటం, అల్లరి చేసినవాణ్ణి అదుపులో పెట్టటం - ఇదే ఆయన పద్ధతి.

1943 ప్రాంతంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి ఆయన కార్యదర్శి అయ్యారు. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు చిత్రంగా ఉండేవి. ఒక పోటీలో కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. మరో పోటీలో బంతిని తన కాళ్ళ దగ్గరే పెట్టుకుని ఒక్కడే తిప్పుకుంటూ పోకూడదు; అందగానే తోటివాడికి అందించాలి. మొదటిదానివల్ల బలహీనమైన కాలు బలపడుతుంది. రెండోదానివల్ల నేనే అనేది పోయి మనం అనేది వస్తుంది. ఇవి ఆటకే కాదు, మన సంఘాలకూ పనికివచ్చే పాఠాలే కదా!

ఇంట గెలిచి రచ్చ గెలిచారు

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. అది మన ముస్లిం కుటుంబాలకు చాలా కష్టకాలం. ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, కొందరు సరిహద్దు దాటి వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళకు రేపేమిటో తెలియదు. అటువంటి రోజుల్లో రహీం సాహెబ్ ఇక్కడే ఉండి, తనకు వచ్చిన విద్యను తన నగరం పిల్లలకు చెప్పుకుంటూ కూర్చున్నారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సంవత్సరాలు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు కూడా హైదరాబాదు పేరు చెబితే జంకు పుట్టింది. సంతోష్ ట్రోఫీలో హైదరాబాదు జట్టు 1956లోనూ, 1957లోనూ వెంటవెంటనే జాతీయ విజేత అయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రహీం సాహెబ్ అదే చేశారు. 1950లోనే భారత జాతీయ జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. ఆలోచించండి. హైదరాబాదు యూనియన్‌లో కలిసి రెండేళ్ళే అయింది. ఆ నగరం ముస్లిం బడిపంతులు ఒకరు దేశం జట్టును నడిపిస్తున్నారు! 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగితే, ఫైనల్లో మేవాలాల్ కొట్టిన గోలుతో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనవాళ్ళు బంగారు పతకం తెచ్చారు. ఆయన దేశభక్తి ఏపాటిదో ఇక ఎవరికీ రుజువు చూపించవలసిన అవసరం రాలేదు. పనే రుజువు.

గెలుపులే కాదు, చేదు కూడా తిన్నారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఉత్తికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాతనే బూట్లు వేసుకోవటం తప్పనిసరి అయింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోళ్ళు కొట్టాడు. ఆసియా ఖండం నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్ చేరిన మొదటి దేశం మనదే. చివరకు నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు కుర్రవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ సంవత్సరమే నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కనుక, మన గోదావరి జిల్లాల వాళ్ళకు కూడా వాళ్ళు మన రాష్ట్రం పిల్లలే అయ్యారు.

బలరాం సంగతి ఒకటి చెప్పాలి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో బీద కుటుంబం. సాధన కోసం అంత దూరం హైదరాబాదు రావటానికి సైకిలు అద్దెకు కూడా డబ్బుల్లేవు. ఆ డబ్బులు రహీం సాహెబే ఇచ్చి ఆ పిల్లవాణ్ణి రప్పించుకున్నారు. ఆ పిల్లవాడి మతమేమిటి, భాష ఏమిటి అని చూడలేదు. కాలిలో విద్య ఉందా, మనసులో శ్రద్ధ ఉందా అని మాత్రమే చూశారు.

హాకీ పోటీ ముదిరిన రోజులు

ఇక్కడ కాసేపు ఫుట్‌బాల్ పక్కనబెట్టి హాకీ సంగతి చెప్పుకోవాలి. లేకపోతే జకార్తాలో జరిగినదాని విలువ తెలియదు.

1928 నుండి 1956 వరకు జరిగిన ప్రతి ఒలింపిక్స్‌లోనూ హాకీ బంగారు పతకం భారతదేశానిదే. వరుసగా 6 పతకాలు. దేశ విభజనకు ముందు అందరూ ఒకే జట్టు. 1936లో బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ పక్కన ఆడి బంగారు పతకం గెలిచిన అలీ ఇక్తిదార్ షా దారా, 1948 లండన్ ఒలింపిక్స్‌కు పాకిస్తాన్ కెప్టెన్‌గా వచ్చాడు. అదే లండన్‌లో భారత్ తరఫున బంగారు పతకం గెలిచిన లతీఫుర్ రహ్మాన్, అఖ్తర్ హుస్సేన్ 1956 వచ్చేసరికి పాకిస్తాన్ తరఫున భారత్‌కు ఎదురు నిలబడ్డారు. ఒక ఇంటి అన్నదమ్ములు పొలం పంచుకుని గట్టుకు ఆ పక్కా ఈ పక్కా నిలబడినట్టు అయింది. అంచేత ఆ పోటీలో అంత కసి!

1956 ఫైనల్లో మనం 1-0తో గెలిచాం. 1960లో రోమ్‌లో పాకిస్తాన్ 1-0తో గెలిచి మన 32 ఏళ్ళ ఏలుబడికి తెరదించింది. ఆ రోజు మన దేశంలో ఎందరో కన్నీళ్ళు పెట్టుకున్నారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల హాకీ ఫైనల్లో మళ్ళీ పాకిస్తానే 2-0తో గెలిచింది. పుండు మీద కారం చల్లినట్టయింది. సరిగ్గా ఆ క్రీడలకే రహీం సాహెబ్ తన ఫుట్‌బాల్ జట్టును తీసుకుని వెళ్ళారు.

జకార్తా - 1962

అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ప్రవేశించింది. మనిషి చిక్కిపోయారు. అయినా మైదానానికి రావటం మానలేదు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచాం గాని, ఆ ఆటలో మన వెనుక వరుసకు కోటగోడ వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో ఓడించి సెమీ ఫైనల్ చేరాం. అక్కడ రహీం సాహెబ్ ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కట్టు కట్టుకున్న జర్నైల్ సింగ్‌ను వెనుక నుంచి తీసి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. అందులో ఒక గోలు జర్నైల్‌దే. ఫైనల్లో మళ్ళీ ఎదురైంది, మొదటి రోజు మనల్ని ఓడించిన దక్షిణ కొరియాయే.

ఆ ఫైనల్ నాటికి జకార్తా నగరం మన మీద భగ్గుమంటోంది. కారణం ఏమిటంటే, ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదు. ఆసియా క్రీడలు ప్రారంభించిన ప్రముఖుల్లో ఒకరైన మన దేశస్థుడు గురుదత్ సోంధీ దానికి అభ్యంతరం చెప్పి, అలాంటప్పుడు వీటికి ఆసియా క్రీడలన్న పేరు చెల్లదని వాదించారు. దాంతో అక్కడి జనం రెచ్చిపోయారు. సెప్టెంబరు 3న మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన ఆటగాళ్ళు బస్సుకు మన జెండా లేకుండా, తలలు దాచుకుని స్టేడియంకు వెళ్ళవలసివచ్చింది. వాదన వేసిన పెద్దమనిషి ఒకరు, దెబ్బలు కాసుకోవలసినవారు ఆడుకునే కుర్రాళ్ళు!

1962 సెప్టెంబరు 4. సెనయన్ స్టేడియంలో దాదాపు లక్షమంది జనం. మన జాతీయగీతం మొదలవగానే వినపడనంతగా గోల. మనవాళ్ళ కాలికి బంతి తగిలితే ఈలలు, తిట్లు. అంత జనంలో మనవాళ్ళ కోసం చప్పట్లు కొట్టినవారు ఒక గుప్పెడు మంది. వాళ్ళు ఎవరనుకున్నారు? అదే క్రీడల్లో మన హాకీ జట్టును ఓడించిన పాకిస్తాన్ హాకీ జట్టువారు! ఆనాటి మన ఆటగాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా కృతజ్ఞతతో చెప్పుకున్న సంగతి ఇది. హాకీ మైదానంలో మన ఓటమి కోరి, ప్రాణం పెట్టి ఆడినవాళ్ళు, ఫుట్‌బాల్ మైదానంలో మనవాళ్ళు ఒంటరివాళ్ళవటం చూసి ఊరుకోలేకపోయారు. వారి పంతం హాకీ కర్రతోనే ఆగింది, మనసు దాకా పోలేదు.

ముందురోజు రాత్రి రహీం సాహెబ్ పిల్లలందరినీ పిలిచి, తనకు ఒక కానుక కావాలని, అది రేపటి బంగారు పతకమని అడిగారట. చివరిరోజుల్లో ఉన్న గురువు అడిగిన గురుదక్షిణ అది. ఇవ్వకుండా ఉంటారా? 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోళ్ళు కొట్టారు. ఫ్లూ జ్వరం నుంచి లేచివచ్చిన తంగరాజ్ గోలు కాశాడు. కొరియా 85వ నిమిషంలో ఒక గోలు తీర్చింది గాని అప్పటికే ఆలస్యమైంది. 2-1తో బంగారు పతకం మనది.

ఆ జట్టును ఒకసారి చూడండి. కెప్టెన్ చునీ గోస్వామి బెంగాలీ బ్రాహ్మణుడు. జర్నైల్ సింగ్ పంజాబు సిక్కు. ఫ్రాంకో గోవా క్రైస్తవుడు. రాం బహదూర్ గూర్ఖా. యూసుఫ్ ఖాన్ హైదరాబాదు ముస్లిం. బలరాం సికింద్రాబాదు తమిళ కుటుంబం పిల్లవాడు. వాళ్ళను ఒక్క తాటి మీద నడిపించింది రహీం సాహెబ్. లక్ష గొంతులు తిడుతుంటే ఎదురు తిట్టమని ఆయన నేర్పలేదు. బంతి మీద చూపు పెట్టుకోమని నేర్పారు.

1963 జూన్ 11న, ఆ విజయం తర్వాత 9 నెలలకే రహీం సాహెబ్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అప్పటికి ఆయన వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనదేశానికి 1962 తర్వాత మళ్ళీ బంగారు పతకం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువాడే. రహీం సాహెబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ జట్టులో ఉన్నారు. ఆయన 2021లో పరమపదించారు. 2024లో రహీం సాహెబ్ జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాకనే మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలిసింది.

మనకు పాఠం ఏమిటి?

జకార్తా తర్వాత కూడా హాకీలో పోటీ సాగుతూనే ఉంది. 1964లో టోక్యోలో మనం గెలిచాం. 1975లో కౌలాలంపూర్ ప్రపంచకప్ సెమీ ఫైనల్లో మలేషియా మీద మనం ఓటమి అంచున ఉండగా, అస్లం షేర్ ఖాన్ గోలు కొట్టి నిలబెట్టాడు. ఆ తర్వాత ఫైనల్లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి కప్పు తెచ్చారు. ఆ రోజు దేశమంతా అస్లంను భుజాన మోసింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో 1-7తో పాకిస్తాన్ చేతిలో ఓడిపోతే, గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీని డబ్బుకు అమ్ముడుపోయాడని నిందించారు. ఆయన ముస్లిం కూడా కాదు. అంటే, ఓటమిని ఓర్వలేని అభిమానానికి ఎవరో ఒక దోషి కావాలి. ఆ రోజుకు ఎవరు చేతికి చిక్కితే వారే! అదే నేగీ 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన మన జట్టుకు గోల్‌కీపింగ్ శిక్షకుడిగా ఉన్నారు. పనే ఆయన్నీ నిలబెట్టింది. 2023లో హాంగ్‌ఝౌలో మనవాళ్ళు పాకిస్తాన్‌ను 10-2తో ఓడించి 1982 బాకీ తీర్చేశారు. గోళ్ళ బాకీ అలా తీరుతుంది. నిందల బాకీ మాత్రం అంత తేలిగ్గా తీరదు.

కనుక మన పిల్లలకు నేను చెప్పేది ఇదే. మనదేశం గెలిస్తే మనస్ఫూర్తిగా సంతోషించండి. ఇది మన తాతముత్తాతలు పుట్టి, కన్నుమూసి, ఈ మట్టిలోనే దఫన్ అయిన దేశం. ఎవరో అడిగారని భయపడి కేకలు వెయ్యవద్దు, ఎవరో అడిగారని రోషపడి మౌనంగానూ ఉండవద్దు. ఎదుటి జట్టువాడు బాగా ఆడితే బాగా ఆడాడని ఒప్పుకోండి. అలా ఒప్పుకున్నంత మాత్రాన దేశభక్తికి లోటు రాదు. లోటు వచ్చేటట్టయితే జకార్తాలో చప్పట్లు కొట్టిన ఆ హాకీ ఆటగాళ్ళ దేశభక్తికి కూడా లోటు వచ్చి ఉండాలి. వాళ్ళు తమ దేశానికి బంగారు పతకం గెలిచిపెట్టి మరీ మనకు చప్పట్లు కొట్టారు!

అలాగే మన హిందూ సోదరులతో కలిసి పెరిగిన ఊరు మనది. ఇక్కడ కొండ మీద గంట, మసీదులో అజాన్ ఒకే గాలిలో వినపడతాయి. ఆట రోజున ఆ కలివిడి చెడకుండా చూసుకోవటం ఇరువైపులా పెద్దల పూచీ. సరదా ప్రశ్న అడిగే పెద్దలు, అది ఎదుటి పిల్లవాడి గుండెల్లో ఎక్కడ గుచ్చుకుంటుందో ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

సొసైటీ పెద్దలకు కూడా ఒక మనవి. పుస్తకాలు, ఫీజుల సాయంతో పాటు, మన పిల్లలకు సాయంత్రం పూట ఒక బంతి, నాలుగు హాకీ కర్రలు, ఆడుకునేందుకు కాస్త చోటు చూపించగలిగితే బాగుంటుంది. అందులో అన్ని మతాల పిల్లలూ కలిసి ఆడాలి. బలరాంకు సైకిలు అద్దె ఇచ్చిన పంతులు వంటి పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఒక్కరుంటే చాలు. ఆటగాళ్ళు తయారైతే సరే, కాకపోయినా మంచి మనుషులు తయారవుతారు.

అల్లాహ్ రహీం సాహెబ్ గారికి మగ్ఫిరత్ ప్రసాదించి, జన్నతుల్ ఫిర్దౌస్‌లో ఉన్నత స్థానం ఇచ్చుగాక. మన పిల్లలకు ఆయన ఓపిక, ఆయన పెద్దమనసు అబ్బుగాక. ఆమీన్.